పాత పికప్‌కు లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు: పెరిగిన ప్రతి అంగుళం భారం దేని మీద పడుతుంది?

పాత పికప్‌కు లిఫ్ట్ కిట్, అంటే బండి ఎత్తు పెంచే భాగాల సెట్టు, బిగించి పెద్ద టైర్లు వేయాలనుకున్నప్పుడు సాధారణంగా ముందుగా తేలేది ఎత్తు: రెండు అంగుళాలా, నాలుగా, ఆరా అన్నది. ఆ ఎత్తుకు తగిన టైరు తర్వాత వస్తుంది, ఆ టైరుకు తగిన రిమ్ము ఆ తర్వాత వస్తుంది, బ్రేకులు, గేర్లు, స్టీరింగు గురించిన ఆలోచన మాత్రం బండి రోడ్డెక్కి ఇబ్బంది పెట్టాక గానీ రాదు. ఈ వరుస తలకిందులైనది. బండి ఎలాంటి నేల మీద ఎంత బరువుతో తిరగాలో చూసుకుని ముందు టైరును నిర్ణయించాలి. ఆ టైరు ఎక్కడా రాసుకోకుండా తిరగడానికి కనీసం ఎంత ఎత్తు కావాలో అంతే ఎత్తు ఇవ్వాలి. ఈ రెండింటికన్నా ముందు, ఏళ్ల తరబడి పనిచేసి అరిగిన భాగాలు ఆ కొత్త భారాన్ని మోయగలవో లేదో తేల్చుకోవాలి. కొత్త బండి విషయంలో ఈ మూడో అంశాన్ని కొంత ఉపేక్షించినా చెల్లుతుంది. పాత బండిలో పని బాగుపడేదీ చెడేదీ దాని మీదే.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. లిఫ్ట్ కిట్ వల్ల పైకి లేచేది ఛాసిస్, దాని మీదున్న క్యాబిన్, వెనుక తొట్టి మాత్రమే. యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. రాళ్ల దారిలో మొదట తగిలేది యాక్సిల్ మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ ఇంజిన్ శక్తిని పంచే గేర్ల డబ్బా) కాబట్టి, దాని కింద ఖాళీ పెరగాలంటే టైరు వ్యాసం పెరగడం తప్ప వేరే మార్గం లేదు, అది కూడా పెరిగిన వ్యాసంలో సగమే దక్కుతుంది. పాత పికప్‌లలో ఎక్కువగా కనిపించే 235/75ఆర్15 టైరు వ్యాసం సుమారు 28.9 అంగుళాలు. దాని స్థానంలో 33 అంగుళాల టైరు వేస్తే డిఫరెన్షియల్ కింద పెరిగే ఖాళీ రెండు అంగుళాలకు కాస్త పైన. అదే బండికి పాత టైర్లు ఉంచేసి ఆరు అంగుళాల లిఫ్ట్ వేసినా డిఫరెన్షియల్ కింద ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉన్న బండ్లలో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే వేలాడుతుంది కాబట్టి పరిస్థితి వేరుగా ఉంటుందనుకోవచ్చు. కానీ వాటికి వేసే పెద్ద కిట్లలో చాలావరకు డిఫరెన్షియల్‌ను, దాన్ని మోసే అడ్డ దూలాన్ని కూడా బ్రాకెట్లతో కిందికి దించుతాయి. కనుక అక్కడ కూడా లిఫ్ట్ అంగుళాలన్నీ నేల నుంచి ఖాళీగా మారవు. లిఫ్ట్ నిజంగా ఇచ్చేవి రెండు: పెద్ద టైరు మడ్‌గార్డ్ లోపల కదలడానికి చోటు, గట్లూ గుంతలూ దాటేటప్పుడు బండి ముక్కు, తోక, నడుము నేలకు తగలకుండా మెరుగైన కోణాలు.

పాత బండిలో దీనికి తోడు ఇంకొక లెక్క ఉంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉన్న ఎత్తు ఇప్పుడు ఉండదు. వెనుక లీఫ్ స్ప్రింగులు, అంటే కమాను పట్టీలు, ఏళ్ల తరబడి బరువు మోసి వంపు కోల్పోతాయి. ముందు కాయిల్ స్ప్రింగులు కూడా కొంత కుంగుతాయి. ఈ నష్టాన్ని కొలవడం కష్టం కాదు. బండిని చదునైన చోట నిలిపి, ప్రతి చక్రం మధ్యబిందువు నుంచి నిలువుగా మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, అందులోని గాలి లెక్కను తప్పిస్తాయి. మధ్యబిందువు నుంచి కొలిస్తే సస్పెన్షన్ సంగతి మాత్రమే తెలుస్తుంది. ఒకే యాక్సిల్ మీద ఎడమకూ కుడికీ రెండు సెంటీమీటర్ల తేడా కనిపిస్తే ఒకవైపు స్ప్రింగు చచ్చిపోయిందనో, దాన్ని పట్టుకునే హ్యాంగర్ వంగిందనో, లోపలి బుష్ నలిగిపోయిందనో అనుమానించాలి. కుంగిన పట్టీలను తీసి అదే సామర్థ్యం గల కొత్త కట్ట వేస్తే ఒక అంగుళమో అంతకన్నా ఎక్కువో తిరిగి వచ్చే బండ్లు చాలానే ఉంటాయి, 31 అంగుళాల టైరు పట్టడానికి కొన్నింటికి అంతకు మించి ఏమీ అవసరం ఉండదు. ఆ పని చేయకుండా కుంగిన కట్ట కింద దిమ్మ పెట్టి ఎత్తు తేవడం రోగాన్ని కప్పిపెట్టడమే అవుతుంది: బండి ఎత్తుగా కనిపిస్తుంది, స్ప్రింగు మాత్రం చదునుగానే ఉండి చిన్న గుంతకే అడుగంటుతుంది. చచ్చిన కట్టలో ఒక కొత్త పట్టీ దూర్చడం కూడా ఇలాంటిదే. మిగిలినవన్నీ నీరసించి ఉండగా కొత్త పట్టీ ఒక్కటే బరువంతా మోసి, బండిని కుదిపి, చివరికి తానే విరుగుతుంది.

టైరు ఎంపికలో వ్యాసం ఒక్కటే చూస్తే చాలదు. 33×12.50ఆర్15 టైరుకు (33 అంగుళాల వ్యాసం, 12.5 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల రిమ్ము) తయారీదారులు సాధారణంగా అనుమతించే రిమ్ము వెడల్పు 8.5 నుంచి 11 అంగుళాలు. పాత పికప్‌లతో వచ్చిన ఇనుప రిమ్ములు ఎక్కువగా ఆరు, ఏడు అంగుళాల వెడల్పువి. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే దాని ముఖం ఉబ్బి మధ్యలోనే అరుగుతుంది, మలుపుల్లో పక్క గోడ వణుకుతుంది. కొత్త రిమ్ములు కొనేటప్పుడు చక్రం ఎంత బయటికి పొడుచుకు వస్తుందన్నది ముఖ్యం. లోపలి వైపు స్టీరింగు భాగాలకు తగలకుండా కొంత బయటికి రావాలి. మరీ బయటికి వస్తే హబ్ బేరింగుల మీద, బాల్ జాయింట్ల మీద మీటలా లాగే బలం పెరుగుతుంది, స్టీరింగు తిప్పినప్పుడు టైరు వెనుక అంచు మరింత పెద్ద వలయంలో తిరిగి మడ్‌గార్డ్‌కూ క్యాబిన్ మౌంట్‌కూ తగులుతుంది. వెడల్పు టైర్లకు ఉండే ఆకర్షణను పక్కన పెట్టి చూస్తే, బురద, కంకర, గతుకుల మట్టి రోడ్ల మీద పనిచేసే బండికి ఎత్తుగా ఉండి సన్నగా ఉండే టైరే చాలా సందర్భాల్లో మేలు. బరువు తక్కువ, రాసుకోవడం తక్కువ, తక్కువ లిఫ్ట్‌తోనే సరిపోతుంది. టైరు మోయగల బరువును కూడా చూడాలి. పదిహేను అంగుళాల రిమ్ముకు దొరికే వెడల్పు టైర్లలో చాలావాటికి గరిష్ఠ గాలి పీడనం 35 పీఎస్ఐ మాత్రమే కాబట్టి, తొట్టి నిండా సరుకు వేసే బండికి అవి సరిపోతాయో లేదో పక్క గోడ మీది లోడ్ అంకె చూసి తేల్చుకోవాలి. లిఫ్ట్ వేసినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. బరువైన టైర్లు, రిమ్ములు, బ్రాకెట్లు అనుమతించిన మొత్తం బరువులోంచే తమ వాటా తీసుకుంటాయి.

ఎత్తు ఇచ్చే పద్ధతుల్లో బాడీ లిఫ్ట్ అన్నిటికన్నా సులువైనది. ఛాసిస్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రబ్బరు మౌంట్ల దగ్గర ఒకటి నుంచి మూడు అంగుళాల దిమ్మలు పెట్టి, పొడవైన బోల్టులు బిగిస్తారు. సస్పెన్షన్ కోణాలేవీ మారవు, అది దాని పెద్ద సుగుణం. కానీ క్యాబిన్ పైకి లేచి ఇంజిన్ కిందే ఉండిపోతుంది కాబట్టి స్టీరింగు షాఫ్ట్ పొడవు, రేడియేటర్ గొట్టాలు, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు, పెట్రోలు పోసే గొట్టం, గేర్ రాడ్లు, ఎర్తింగ్ తీగలు అన్నీ సరిచూసుకోవలసి వస్తుంది. రేడియేటర్ క్యాబిన్‌తో పైకి పోయి ఫ్యాన్ పాతచోటే ఉంటే, రెక్కలు తొడుగు కింది అంచును కోసేస్తాయి. పాత బండిలో అసలు సమస్య మౌంట్ల దగ్గరే. అక్కడి రబ్బరు పిండి అయిపోయి, బోల్టు తుప్పుతో నట్టుకు అతుక్కుపోయి, క్యాబిన్ అడుగు రేకు ఆ చుట్టూ పలచబడి ఉంటుంది. అలాంటి రేకు మీద మూడు అంగుళాల దిమ్మ పెట్టడం ప్రమాదకరం. జీప్ కొమాంచే లాగా విడి ఛాసిస్ లేని పికప్‌లకు ఈ పద్ధతి ఎలాగూ కుదరదు.

వెనుక వైపు సస్పెన్షన్ లిఫ్ట్‌కు కొత్త వంపుతో వచ్చే పట్టీల కట్ట ఉత్తమం, ఖరీదు కూడా ఎక్కువే. షాకిల్ (స్ప్రింగు కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) పొడవు పెంచడం చవక; అయితే షాకిల్ స్ప్రింగు ఒక కొసనే మోస్తుంది, యాక్సిల్ దాదాపు మధ్యలో ఉంటుంది, కాబట్టి రెండు అంగుళాలు పొడవైన షాకిల్ యాక్సిల్ దగ్గర ఒక అంగుళమే ఇస్తుంది, పైగా డిఫరెన్షియల్ ముక్కును, అంటే షాఫ్ట్ వచ్చి కలిసే కొసను, పైకి తిప్పుతుంది. యాక్సిల్‌కూ స్ప్రింగుకూ మధ్య పెట్టే దిమ్మలు వెనుక యాక్సిల్‌కు మితంగా వాడవచ్చు. ముందు యాక్సిల్‌కు దిమ్మలు ఎప్పుడూ పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు, స్టీరింగు తిప్పినప్పుడు అక్కడ పడే పక్కబలాలకు దిమ్మ జారితే చక్రం అదుపు తప్పుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన దిమ్మలు వెనుక కూడా పనికిరావు. దిమ్మ ఎత్తు పెరిగేకొద్దీ, ఇంజిన్ లాగుడుకు యాక్సిల్ మెలితిరగబోయే బలం స్ప్రింగు మీద పెద్ద మీటతో పనిచేస్తుంది. పట్టీలు ఎస్ ఆకారంలో వంగి, వదిలి, బండి వెనుక భాగం గెంతుతుంది. దీనితోపాటు యాక్సిల్‌ను స్ప్రింగుకు బిగించే యూ బోల్టుల సంగతి కూడా ఖచ్చితంగా పాటించాలి. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టును తీసి మళ్లీ వాడకూడదు. తీసిన ప్రతిసారీ కొత్తవి, సరైన పొడవువి వేయాలి.

ముందు వైపు పని ఏ బండి అన్నదాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో అమ్మిన టయోటా పికప్ నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లలో 1985 మోడల్ వరకు ముందు కూడా గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), పట్టీలు ఉండేవి. 1986 నుంచి విడివిడి సస్పెన్షన్, టోర్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) వచ్చాయి. షెవ్రొలే పెద్ద పికప్‌లలో ఇలాంటి మార్పే 1988 మోడల్‌తో జరిగింది. ఫోర్డ్ ఎఫ్-150లో 1980 నుంచి 1996 వరకు రెండుగా విడిచిన యాక్సిల్ దూలాలు వాడారు. వీటిని కేవలం పొడవైన స్ప్రింగులతో ఎత్తితే చక్రాల పైభాగం బయటికి వాలి టైరు బయటి అంచు అరుగుతుంది, అందుకే ఆ దూలాల ఇరుసులను కిందికి దించే బ్రాకెట్లు తప్పనిసరి. డాడ్జ్ రామ్ 1994 తరంలో గట్టి యాక్సిల్‌నే కాయిల్ స్ప్రింగుల మీద నిలిపి, పక్కకు జరగకుండా ట్రాక్ బార్ పెట్టారు. బండిని ఎత్తితే ఆ బార్ వాలు పెరిగి యాక్సిల్‌ను ఛాసిస్ మీద తనను బిగించిన వైపుకు లాగుతుంది, కనుక సర్దుబాటుకు వీలున్న బార్ గానీ బ్రాకెట్ గానీ కావాలి. నిజానికి ఒకే పేరుతో అమ్మే నాలుగు అంగుళాల కిట్లు ఈ నాలుగు బండ్లలో నాలుగు వేర్వేరు పనులు.

టోర్షన్ బార్ బండ్ల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ ఎత్తు ఉచితంగా దొరుకుతున్నట్టు కనిపిస్తుంది. బార్ వెనుక కొసన ఉన్న సర్దుబాటు బోల్టును కొన్ని చుట్లు తిప్పితే ముందు భాగం లేస్తుంది, కొత్త భాగమేదీ కొననక్కర లేదు. బోల్టు తిప్పితే స్ప్రింగు గట్టిపడిందని చాలామంది అనుకుంటారు, కానీ బార్ గట్టిదనం దాని మందం, పొడవు, ఉక్కు మీద ఆధారపడి ఉంటుంది, బోల్టు దాన్ని మార్చదు. మారేది చక్రం నిలిచే స్థానమే. చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం అంతే ఉంటుంది. కిందికి దిగడానికి మిగిలిన దూరాన్ని తీసి పైకి కదిలే దూరానికి కలిపినట్టవుతుంది. బోల్టు ఎక్కువ తిప్పిన బండిని గుంత మీదుగా పోనిస్తే చక్రం కిందికి దిగబోయి, చక్రాన్ని పట్టి ఉంచే పై చెయ్యి వెంటనే దాని అడ్డుకు కొట్టుకుని టంగుమంటుంది. బండి గట్టిపడిందని తోచేది ఆ దెబ్బ వల్లే. దీనితోపాటు ముందు డ్రైవ్ షాఫ్టుల సీవీ జాయింట్లు (కోణంలో ఉన్నా చక్రాన్ని తిప్పే కీళ్లు) ఎప్పుడూ ఎక్కువ కోణంలో తిరిగి, వాటి రబ్బరు బూట్లు మడత దగ్గర చిట్లి, గ్రీజు బయటికి చిమ్ముతుంది. రిమ్ముల లోపలి వైపు నల్లటి చుక్కల వరస కనిపిస్తే అది దాని గుర్తు. ఒక అంగుళం, ఒకటిన్నర దాకా ఈ సర్దుబాటు ఫర్వాలేదు. అంతకు మించి కావాలంటే కోణాలను సరిచేసే పై చేతులు గానీ, బ్రాకెట్ల కిట్ గానీ వేయడమే మర్యాద.

బండి సూటిగా, చేతులు వదిలినా దారి తప్పకుండా పోవడానికి కారణం ముందు చక్రాల కాస్టర్ కోణం, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు పక్క నుంచి చూస్తే వెనక్కి వాలి ఉండే కోణం. ఛాసిస్ నుంచి ముందుకు వచ్చే పొడవైన రేడియస్ చేతులతో పట్టి ఉన్న యాక్సిల్ గల బండిని ఎత్తితే, ఆ చేతుల వెనుక కొస పైకి పోయి యాక్సిల్ ముందుకు తిరుగుతుంది, కాస్టర్ తగ్గుతుంది. ఫలితంగా బండి రోడ్డు మీది ప్రతి గాడికీ అటూ ఇటూ తిరుగుతుంది, మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను నడిమికి రాదు. పెద్ద టైర్ల బరువు తోడైతే ఈ తిరుగుడు మరింత ఇబ్బందికరంగా ఉంటుంది. చాలామంది దీన్ని పెద్ద టైర్ల సహజ గుణమని సరిపెట్టుకుంటారు, అది సరికాదు. చేతుల బ్రాకెట్లు దించడం, వాలు ముక్కలు పెట్టడం లాంటి మార్గాలతో కాస్టర్‌ను తిరిగి తేవచ్చు. స్టీరింగు లింకు వాలు కూడా చూడాలి. గట్టి యాక్సిల్ బండిలో స్టీరింగు లింకు, ట్రాక్ బార్ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నంతకాలం గుంత మీద స్టీరింగు కదలదు. ఎత్తిన తర్వాత ఒకదాన్ని మాత్రమే సరిచేసి రెండోదాన్ని వదిలేస్తే, ప్రతి కుదుపుకూ బండి తనంతట తాను కొంచెం తిరుగుతుంది. అందువల్ల కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగు బాక్స్ నుంచి లింకును కదిపే చెయ్యి) మాత్రమే కొని వేయడం ఒక్కోసారి ఉన్న సమస్యను పెంచుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. గేర్‌బాక్స్‌కూ వెనుక యాక్సిల్‌కూ మధ్య 120 సెంటీమీటర్ల షాఫ్ట్ ఉన్న బండిని 10 సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు ఎత్తితే, షాఫ్ట్ వాలు దాదాపు 5 డిగ్రీలు పెరుగుతుంది. షాఫ్ట్ పొడవు అందులో సగమే ఉంటే పెరిగేది తొమ్మిదిన్నర డిగ్రీలు. నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లలో ముందు షాఫ్ట్, పొట్టి బండ్లలో వెనుక షాఫ్ట్ ముందుగా గోల చేసేది ఇందుకే. షాఫ్ట్ కొసల్లో ఉండే క్రాస్ జాయింట్ కోణంలో తిరిగేటప్పుడు దాని అవతలి కొస సమాన వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. కోణం 3 డిగ్రీలున్నప్పుడు ఆ హెచ్చుతగ్గు వెయ్యింట ఒకటి రెండు వంతులే, 10 డిగ్రీల దగ్గర అటు ఒకటిన్నర శాతం, ఇటు ఒకటిన్నర శాతం అవుతుంది. షాఫ్ట్‌కు రెండు కొసల్లోనూ ఉన్న జాయింట్ల కోణాలు సమానంగా ఉంటే ఒకదాని హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది, కాబట్టి గేర్‌బాక్స్ బయటికి వచ్చే ఇరుసు, డిఫరెన్షియల్ ముక్కు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, తేడా ఒక డిగ్రీకి మించకూడదు. షాకిల్ పొడవు పెంచినప్పుడో, వాలు దిమ్మ పెట్టినప్పుడో చెదిరేది సరిగ్గా ఈ సమాంతరతే. కొన్ని బండ్లలో షాఫ్ట్ పై కొసన జంట క్రాస్ జాయింట్ ఉంటుంది. వాటికి నియమం వేరు, అక్కడ డిఫరెన్షియల్ ముక్కు నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి. కోణం సరిచేయడానికి స్ప్రింగు కింద పెట్టే వాలు ముక్కలు ఉక్కువే వాడాలి. అల్యూమినియంవి పగిలి జారిపోయాక యూ బోల్టులు వదులవుతాయి. షాఫ్ట్ జారే మూతి గేర్‌బాక్స్ లోపల ఎంత మిగిలిందో కూడా చూడాలి, ఎత్తిన బండిలో యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు అది బయటికి వచ్చేంత దూరం జరగవచ్చు.

బ్రేకుల విషయంలో రాజీకి తావు లేదు. బ్రేకు చక్రాన్ని ఆపే మెలిబలం పాతదే. టైరు వ్యాసార్ధం పెరిగింది కాబట్టి నేల దగ్గర అది ఇచ్చే ఆపుదల బలం తగ్గుతుంది. 28.9 నుంచి 33 అంగుళాలకు వెళ్తే పెడల్‌ను అంతే బలంతో నొక్కినప్పుడు ఆ తగ్గుదల సుమారు 12 శాతం. బరువు లెక్క దీనికి అదనం. పాత కారు తరహా 15 అంగుళాల టైరు 13 కిలోలకు అటూ ఇటూ ఉంటే, 33 అంగుళాల వెడల్పు టైరు 24 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. తిరిగే వస్తువును ఆపడానికి పట్టే శ్రమ బరువుతోపాటు వ్యాసార్ధం వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి, ఒక్కో టైరును తిప్పడం, ఆపడం రెండు రెట్లకు మించి కష్టమవుతుంది. అరిగిన డ్రమ్ములు, సర్దుబాటు లేని షూలు, ఏళ్లుగా మార్చని బ్రేకు ఆయిలు ఉన్న బండికి ఈ అదనపు భారం ఇవ్వడం తగదు. పెద్ద టైర్ల ఖర్చులో బ్రేకుల పునరుద్ధరణను మొదటి పద్దుగా రాసుకోవాలి.

వీటికి తోడు, పైకి కనిపించని ఒక వాల్వ్ ఉంది. చాలా పాత పికప్‌లలో వెనుక బ్రేకులకు పోయే పీడనాన్ని తొట్టిలోని బరువునుబట్టి మార్చే వాల్వ్ ఛాసిస్ మీద ఉంటుంది. దాని నుంచి ఒక సన్నని కడ్డీ గానీ స్ప్రింగు గానీ వెనుక యాక్సిల్‌కు కలుపుతుంది. సరుకు వేస్తే ఛాసిస్ కిందికి దిగుతుంది, కడ్డీ వాల్వ్‌ను తెరుస్తుంది, వెనుక బ్రేకులకు ఎక్కువ పీడనం అందుతుంది. బండి ఖాళీగా ఉంటే వెనుక చక్రాలు బిగుసుకుపోకుండా పీడనం తగ్గుతుంది. ఇప్పుడు ఛాసిస్‌ను నాలుగు అంగుళాలు ఎత్తితే తొట్టిలో ఎంత సరుకున్నా ఆ వాల్వ్‌కు బండి ఎప్పుడూ ఖాళీగానే తోస్తుంది, ఎంత నొక్కినా వెనుక బ్రేకులు సగం పనే చేస్తాయి, ముందు బ్రేకులు కాలిపోతాయి. మందు చిన్నదే: లిఫ్ట్ ఎత్తుకు తగ్గట్టు కడ్డీ కింది కొసను పైకి జరిపే బ్రాకెట్. అది లేకుండా అమ్మే కిట్లు ఉంటాయి, కాబట్టి బండి కింద పడుకుని ఆ కడ్డీ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

బ్రేకు గొట్టాలను పరీక్షించే పద్ధతి కూడా ఖచ్చితంగా ఉండాలి. బండి నేల మీద నిలిచి ఉన్నప్పుడు గొట్టం వదులుగా కనిపించడం దేన్నీ రుజువు చేయదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు పూర్తిగా కిందికి వేలాడేలా వదిలి, స్టీరింగును ఎడమ కొస దాకా, తర్వాత కుడి కొస దాకా తిప్పి చూడాలి. ఆ స్థితిలో గొట్టం తీగలా బిగిసినా, దాని లోహపు కొస దగ్గర మడత పడినా, టైరుకు ఆనుకున్నా పొడవైనది వేయాలి. పాత గొట్టం పైకి బాగానే కనిపిస్తూ కొంచెం వంచగానే నిలువునా పగుళ్లు చూపితే పొడవు సరిపోయినా మార్చాలి. యాక్సిల్ గాలి గొట్టం, చేతి బ్రేకు తీగ, ఏబీఎస్ ఉంటే దాని తీగలు కూడా ఇదే పరీక్షలో తేలిపోతాయి. షాక్ అబ్జార్బర్ల పొడవును ఇప్పుడే కొలుచుకోవాలి. పాత పొట్టి షాక్‌లు ఉంచేస్తే యాక్సిల్ కిందికి దిగినప్పుడల్లా దాన్ని ఆపే తాడు పని అవే చేసి, లోపలి వాల్వులు చెడి, ఆయిలు కారతాయి.

గేర్ల లెక్కలో అంకెలే సరైన సలహాదారులు. టాప్ గేరు సూటిగా ఉండి (ఇంజిన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరిగి), డిఫరెన్షియల్ నిష్పత్తి 3.73 అయిన (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగే) బండి 28.9 అంగుళాల టైర్లతో గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్‌ను నిమిషానికి సుమారు 2695 చుట్లు తిప్పుతుంది. 33 అంగుళాల టైర్లతో అది 2360కి పడిపోతుంది. చుట్లు తగ్గితే ఇంధనం ఆదా అవుతుందని అనిపించవచ్చు, కానీ బరువూ గాలి నిరోధమూ పెరిగిన బండిని తక్కువ చుట్లతో లాగడానికి పాత ఇంజిన్‌కు సత్తువ చాలదు. డ్రైవరు కింది గేరులోకి దిగుతాడు, ఆటోమేటిక్ అయితే గేరు మాటిమాటికీ మారుతూ దాని ఆయిలు వేడెక్కుతుంది. పాత లాగుడు తిరిగి రావడానికి కావలసిన నిష్పత్తి 4.26. దొరికే నిష్పత్తుల్లో 4.10 దీనికి తక్కువ, 4.56 కాస్త ఎక్కువ. పెరిగిన బరువును కూడా లెక్కలోకి తీసుకుంటే 4.56 సబబు, దానితో అదే వేగంలో చుట్లు సుమారు 2885 అవుతాయి. నాలుగు చక్రాల డ్రైవ్ బండిలో ముందూ వెనుకా రెండు డిఫరెన్షియళ్లకూ ఒకే నిష్పత్తి వేయాలి కాబట్టి ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే 31 అంగుళాల దగ్గర ఆగిపోవడం చాలా పాత బండ్లకు వివేకమైన నిర్ణయం: అక్కడ వ్యాసం పెరుగుదల 7 శాతం చిల్లరే, గేర్లు మార్చకుండా నెట్టుకురావచ్చు, లిఫ్ట్ కూడా స్వల్పంగా సరిపోతుంది.

స్పీడోమీటరు కూడా అంతే శాతం తప్పు చూపుతుంది. 31 అంగుళాల టైర్లతో ముల్లు 100 చూపినప్పుడు అసలు వేగం 107, 33 అంగుళాలతో 114. దూరం లెక్క కూడా అదే చొప్పున తగ్గి నమోదవుతుంది కాబట్టి, టైర్లు మార్చాక మైలేజి ఘోరంగా పడిపోయిందని అనుకునేవారు ముందు ఆ తేడాను కలిపి చూసుకోవాలి. పడిపోవడం నిజమే, లెక్కలో కనిపించినంత కాదు. కేబుల్‌తో నడిచే పాత స్పీడోమీటర్లలో గేర్‌బాక్స్ గానీ ట్రాన్స్‌ఫర్ కేసు గానీ వెనుక ఉండే చిన్న ప్లాస్టిక్ గేరును వేరే పళ్ల సంఖ్య గల దానితో మారిస్తే సరిపోతుంది. అది చవకైన పని.

బండి బోల్తా పడే అవకాశాన్ని అంచనా వేయడానికి అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2001 మోడల్ బండ్ల నుంచి వాడుతున్న కొలమానం తేలికైనది: ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని, గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించడం. చక్రాల మధ్య 150 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం 68 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న బండికి ఈ విలువ 1.10. లిఫ్ట్, టైర్లు కలిసి ఆ కేంద్రాన్ని 10 సెంటీమీటర్లు ఎత్తితే అది 0.96కు దిగుతుంది. బయటికి వచ్చిన రిమ్ములతో చక్రాల మధ్య దూరం 10 సెంటీమీటర్లు పెరిగితే 1.03 దాకా తిరిగి వస్తుంది, బేరింగుల మీద పడే భారం మాత్రం దానికి చెల్లించే మూల్యం. అకస్మాత్తుగా స్టీరింగు తిప్పవలసి వచ్చిన క్షణంలో ఈ దశాంశాలే బండి నిలవడానికీ దొర్లడానికీ మధ్య తేడా అవుతాయి. తొట్టిలో ఎత్తుగా సరుకు వేసే బండికి ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. బంపర్ల ఎత్తు పెరిగితే ఢీకొన్నప్పుడు అవతలి చిన్న కారు బంపరును దాటి తలుపు అద్దాల ఎత్తులో తగిలే ప్రమాదం కూడా ఉంది. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో కొడతాయి కనుక వాటిని కిందికి తిప్పి సరిచేయడం పనిలో భాగమే. ఎత్తు, టైర్ల వెడల్పు, బంపర్లపై నిబంధనలు ప్రాంతానికొక తీరుగా ఉంటాయి, బీమా సంస్థలు కూడా మార్పులను చెప్పమని అడుగుతాయి; కిట్ కొనకముందే ఆ రెండూ తేల్చుకోవడం మంచిది.

కిట్ పెట్టె తెరవకముందే చూడవలసిన పాత ఇనుము చాలా ఉంది. స్ప్రింగు హ్యాంగర్లు ఛాసిస్‌కు అతికిన చోట, స్టీరింగు బాక్స్ బిగించిన చోట, తొట్టి కింద మట్టి పేరుకునే మూలల్లో సుత్తి కొసతో తట్టి చూడాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల పొరలుగా తుప్పు పట్టినది మొద్దుగా పలుకుతుంది. స్టీరింగు బాక్స్ చుట్టూ ఛాసిస్‌లో వెంట్రుక మందం పగుళ్లు కొన్ని బండ్లకు తెలిసిన జబ్బు. పెద్ద టైర్లను నిలిచిన చోట తిప్పినప్పుడు అవి సాగుతాయి. బాల్ జాయింట్లు, టై రాడ్ కొసలు, బేరింగులు, స్ప్రింగు బుష్‌లలో ఏ కొంచెం ఆట ఉన్నా పెద్ద టైరు దాన్ని పెద్దది చేస్తుంది. స్ప్రింగు కంటి బోల్టు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి ఉండటం దాదాపు ఖాయం, కనుక తుప్పు వదిలించే ఆయిలు కొన్ని రోజుల ముందు నుంచే పోస్తూ రావాలి, కొత్త బోల్టులూ బుష్‌లూ దగ్గర పెట్టుకునే పని మొదలుపెట్టాలి. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి బరువు చక్రాల మీద నిలిచాకే చివరగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

బిగింపు పూర్తయ్యాక టైరు ఎక్కడ తగులుతుందో రోడ్డు మీద తెలుసుకోవడం ఆలస్యమవుతుంది. ఒక ముందు చక్రాన్ని ఎత్తైన దిమ్మ మీదికి ఎక్కించి, సస్పెన్షన్ నలిగిన స్థితిలో స్టీరింగును రెండు కొసలకూ తిప్పి, మడ్‌గార్డ్ అంచు, బంపరు కింది రేకు, క్యాబిన్ ముందు మౌంట్ చూడాలి. తగిలేచోట రేకు కోయడం కన్నా ముందు బంప్ స్టాపులను పొడవు చేయడం గురించి ఆలోచించాలి. చక్రం పైకి పోయే దూరాన్ని ఆపేది అవే, వాటిని పాత పొడవులోనే వదిలేస్తే పెద్ద టైరు నిండు బరువు మీద మడ్‌గార్డ్‌ను చీలుస్తుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించి, వచ్చిన అంకెల్లో కాస్టర్ ఎంతో విడిగా అడిగి చూసుకోవాలి. మొదటి వంద కిలోమీటర్ల లోపు చక్రాల నట్లను, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులను, బ్రాకెట్ల బోల్టులను టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. తర్వాత తొట్టిలో మామూలుగా వేసే బరువు వేసి, ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంతో మొదలుపెట్టి బ్రేకులు పలుమార్లు గట్టిగా వేసి చూడాలి. స్టెప్నీ సంగతి కూడా అప్పటికే తేలి ఉండాలి: తొట్టి కింద పాత టైరు ఉండే చోట 33 అంగుళాలది పట్టకపోవచ్చు, పాత చిన్న టైరునే అక్కడ ఉంచి అవసరానికి వెనుక యాక్సిల్‌కు వేస్తే రెండు వైపుల వ్యాసాల తేడాకు డిఫరెన్షియల్ ఆగకుండా తిరిగి వేడెక్కుతుంది, రెండు చక్రాల వేగాల తేడాను అదుపు చేసే పరిమిత జారుడు (లిమిటెడ్ స్లిప్) క్లచ్‌లు ఉన్నదైతే అవి అరిగిపోతాయి. అందువల్ల టైర్లు నాలుగుగా కాకుండా అయిదుగా కొని, అయిదోదానికి తొట్టి లోపల గానీ వెనుక తలుపు మీద గానీ బలమైన చట్రం చేయించాలి.